ధర్మపు నేత

మగ్గం నుంచి కోసిన గుడ్డను మడతలు పెట్టి అరుగు మీదికి చేర్చేసరికి జమలయ్యకు నడుం పట్టేసింది. ఇరవై నాలుగు గజాలు. గంజి దట్టంగా పట్టి గుడ్డ అట్టలాగా నిలబడింది. వేలితో కొడితే చప్పుడు చేసింది. చూసినవాళ్ళెవరైనా ఔరా అనుకోవలసిందే, నేసినవాడు తప్ప.

బాపట్లలో ఆ నేతగాళ్ళ వీధికి ఒక ఆనవాయితీ ఉంది. అమ్మకానికి నేసే నేత వేరు, ధర్మానికి నేసే నేత వేరు. గుళ్ళో పంచే పంచెలనీ, తద్దినాలకు ఇచ్చే గుడ్డలనీ, కాలిపోయిన ఊళ్ళకు పంపే చీరలనీ ఎవరైనా పురమాయిస్తే అది ధర్మపు నేత. నాడెతో అడ్డంగా వేసే పోగును పేక అంటారు. అమ్మకపు గుడ్డలో అంగుళానికి నలభై పేకలు పడితే ధర్మపు గుడ్డలో ఇరవై ఎనిమిది పడతాయి. తగ్గినదాన్ని గంజి కప్పేస్తుంది. ఇచ్చేవాళ్ళు ఆ గుడ్డ కట్టుకోరు, కట్టుకునేవాళ్ళు అంత దూరం వచ్చి అడగరు. మిగిలిన నూలు నేసినవాడిది. దీన్ని దొంగతనమని ఆ వీధిలో ఎవరూ అనుకోలేదు. జమలయ్య తండ్రి అట్లాగే నేశాడు, ఆయన చేతి కింద పని నేర్చిన జమలయ్యా అట్లాగే నేస్తూ వచ్చాడు.

నూలిచ్చి నేయించుకునే షావుకారు పున్నయ్య పదిహేను రోజుల కిందట వచ్చి, తెనాలివాళ్ళు తుఫాను ధర్మానికి తెరచాప గుడ్డ వేయిస్తున్నారని చెప్పి, నూలు పడేసి వెళ్ళాడు. జమలయ్యకు తోచింది ఒకటే. లారీ మీద పడవ బొమ్మ కట్టి, దానికో తెరచాప తగిలించి, మైకులో పాటలు పెట్టి తెనాలి బజార్లలో చందాలు దండుకుంటారు. శివరాత్రికి ప్రభలు కట్టే ప్రాంతంలో పుట్టినవాడికి అంతకు మించి ఏం తోస్తుంది? ధర్మమన్న మాట చెవిన పడగానే పేకను బిగించే పలక కొట్టే చెయ్యి దానంతటదే తేలికైపోయింది.

గుడ్డ తీసుకుపోవడానికి కాలేజీలో పాఠాలు చెప్పే బ్రహ్మానందం మాస్టారు స్వయంగా వచ్చాడు. ఆయన వెంట ఎండకీ ఉప్పుగాలికీ కమిలిన పొడుగాటి మనిషి ఒకడు వచ్చాడు. పేరు మోషే అనీ, అడవులదీవిలో వేట చేసుకునేవాడనీ మాస్టారే చెప్పాడు. మొన్న కార్తీకంలో వచ్చిన ఉప్పెనకు వాళ్ళ పేటలో మిగిలింది ఒక్క నావ. దాన్ని బాగుచేసుకుని మోషే, మాస్టారు, తెనాలి బియ్యం మిల్లువాళ్ళబ్బాయి వెంకటరత్నం, ముగ్గురూ సముద్రం మీద విశాఖపట్నం దాకా పోతారట. దారిలో ఆగిన ప్రతి ఊళ్ళో చందాలు అడుగుతారు. వచ్చిన డబ్బుతో అడవులదీవిలో ఎత్తయిన మిద్దె ఒకటి లేపుతారు, మళ్ళీ ఉప్పెన వస్తే జనం ఎక్కి నిలబడడానికి.

"లారీ మీద కాదాండి?" అన్నాడు జమలయ్య.

"లారీ మీద పోతే చూసేదెవరండీ?" అని మాస్టారు నవ్వాడు. చదువుకునే రోజుల్లో నేవీ ఎన్.సి.సి.లో తెరచాప పడవ నడిపానని, ఇప్పుడు దక్షిణపు గాలి మొదలైంది కాబట్టి ఇంజను అక్కర్లేదని, అంతా తెరచాప మీదే నడుస్తుందని ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. జమలయ్య ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాడు.

మోషే అరుగు ముందు గొంతుక్కూర్చుని గుడ్డ మడతను రెండు చేతులా పట్టి గుంజి చూశాడు.

"గట్టి గుడ్డండి మాస్టారూ. మాకు పంచిన పంచెల్లాంటిది కాదు," అని తను కట్టుకున్న పంచె కొంగు ఎత్తి చూపించాడు. ఫిర్యాదుగా అనలేదు, రెంటికీ తేడా చెబుదామని అన్నాడు.

నాలుగు ఉతుకులకే గంజి పోయి ఆ పంచె జల్లెడయింది. దాని వెనక మోషే వేళ్ళు లెక్కపెట్టేటట్టు కనిపిస్తున్నాయి. మోకాలి దగ్గర వలదారంతో కుట్లు వేసి ఉన్నాయి. అంచులో రెండు ఎర్ర పోగుల నడుమ ఒక పసుపు పోగు. ఆ వీధిలో ఎవరి గుర్తు వాళ్ళు అంచులో వేసుకుంటారు. అది జమలయ్య గుర్తు. తెరచాపకు అంచెందుకులే అని ఈ గుడ్డలో మాత్రం వెయ్యలేదు.

గుడ్డ పల్చన అని జమలయ్య చెప్పాలనుకున్నాడు. లోపలి నుంచి అచ్చమ్మ మజ్జిగ తెచ్చింది, వాళ్ళు తాగారు, మోషే గుడ్డను భుజానికెత్తుకున్నాడు, ఇద్దరూ వెళ్ళిపోయారు.

రెండు రోజుల తరవాత తెనాలిలో సభ పెట్టారు. పున్నయ్య వెంటబెట్టుకుని జమలయ్యను రైలెక్కించాడు. నిడుబ్రోలు దాటేదాకా జమలయ్య మాటలు పేర్చుకుంటూనే ఉన్నాడు. మాస్టారిని ఒక పక్కకు పిలవాలి. గుడ్డ పల్చన, మళ్ళీ నేసిస్తానని చెప్పాలి. అంతే, రెండే మాటలు. పక్కన పున్నయ్య వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, తెనాలి పెద్దల కళ్ళలో పడ్డాం, ఇహ మన వీధికి పనికి లోటుండదని సంబరపడుతున్నాడు.

సభ బియ్యం మిల్లు ఆవరణలో. మిల్లు యజమాని దశరథరామయ్య గారు వెంకటరత్నానికి మేనమామ. కొడుకులు లేని ఆయనకు ఆ పిల్లాడే ప్రాణం. ప్రయాణానికి సమకూర్చిన సరంజామా అంతా బల్లల మీద పేర్చి జనానికి చూపిస్తున్నారు. దిక్సూచి, లాంతర్లు, మంచినీళ్ళ పీపాలు, బిస్కెట్ డబ్బాలు, వాంతులకు నిమ్మకాయలు, వెంకటరత్నం వాళ్ళమ్మ పంపిన రెండు జాడీల ఆవకాయ. ఆ జాడీల బరువుకే నావ మునుగుతుందని ఎవరో అంటే అందరూ నవ్వారు. బల్లల వెనక, గోడకు మేకులు కొట్టి, తెరచాప గుడ్డ పరిచారు. వచ్చినవాళ్ళంతా దాన్ని తడిమి, వేలితో కొట్టి, తలలాడించారు.

మాస్టారు వేదిక మీద ఉన్నాడు. జమలయ్య మెట్ల దగ్గరికి వెళ్ళేసరికి ఆయనే చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. "ఇదుగో, మా ప్రాణాలు ఈయన చేతుల్లో ఉన్నాయి," అని మైకులో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. దశరథరామయ్య గారు శాలువా కప్పి, మెళ్ళో బంతిపూల దండ వేశారు. వేస్తూ వేస్తూ చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా అడిగారు.

"మా వాడు మాట వినడు. గుడ్డ ఆగుద్దంటావా?"

అంతకంటే సూటిగా ఎవరు అడుగుతారు? అడిగినవాడు పెద్దమనిషి, ఆ క్షణంలో భయపడుతున్న ముసలాయన. జమలయ్య కింద మొదటి వరసలో కూర్చున్న పున్నయ్యను చూశాడు. జనాన్ని చూశాడు.

"ఆగుద్దండి," అన్నాడు.

తిరుగు రైల్లో దండ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అంతదాకా చేసింది చెయ్యి అలవాటు. నోటితో చేసిన తప్పు మాత్రం తెలిసి చేసిందే. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. పున్నయ్య శాలువా తడిమి చూస్తానంటే ఇచ్చేశాడు, తిరిగి అడగలేదు.

మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. అక్కడ రెండు బుట్టల నిండా చిలపలు, అంటే చుట్టలు కట్టిన నూలు. నాలుగు నెలలుగా తుఫాను పంచెల్లోనూ చీరల్లోనూ మిగిల్చింది, మొన్న తెరచాపలో మిగిల్చింది, అంతా అక్కడే ఉంది. ఒక బుట్ట దించాడు. రెండోదాని మీద చెయ్యి వేశాడు కూడా.

"అది ఉగాదికి, మనింట్లో గుడ్డలకని పెట్టాం గందయ్యా," అంది కింద నుంచి అచ్చమ్మ. ఆమెకు సంగతి రాత్రే చెప్పాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఆ పనిలో కండెలు చుట్టింది ఆమె చేతులే. "తెరచాపకు ఒకటి చాలు," అంది మళ్ళీ. చాలుతుంది కూడా. రెండో బుట్టను అక్కడే వదిలేసి దిగాడు.

నెయ్యడం ఇంట్లో పని. పడుగు సాగదీసి గంజి పెట్టడం అట్లా కాదు, అది వీధిలో జరగాలి. ఇరవై నాలుగు గజాల పొడుగునా నిలువు పోగులు పరిచి, ఆ చివరా ఈ చివరా గుంజలకు బిగించి, ఎండ ముదరకముందే ఇరుపక్కలా నిలబడి కుంచెతో దువ్వాలి. గుట్టుగా చేద్దామంటే కుదిరే పని కాదు. జమలయ్య పడుగు పరిచేసరికి వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చింది. ఎప్పుడూ పిలవకుండానే వచ్చి కుంచె అందుకునేవాళ్ళు ఆ పూట వాకిట్లోనే నిలబడ్డారు. పున్నయ్య ఇయ్యని నూలు అది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎక్కడిదో కూడా తెలుసు, అందరి అటకల మీదా ఉంది కాబట్టి.

పున్నయ్యకు కబురు చేరడానికి ఎంతో సేపు పట్టలేదు. సైకిలు దిగి పడుగు పొడుగునా నడిచి వచ్చాడు.

"ఎవరి పడుగిది?"

"తెరచాపది."

"అది నేసిచ్చావుగా."

"తప్పు నేశానండి. ఇది మీ నూలే. తుఫాను గుడ్డల్లో మిగిల్చింది."

అందరూ చేసేదే అయినా ఒకడు పైకి అనడం అదే మొదలు. పున్నయ్య గొంతు తగ్గించి చాలాసేపు నచ్చజెప్పాడు. పల్చగా నెయ్యమని తను చెప్పాడా? లేదు. గట్టిగా నెయ్యమన్నాడా? అదీ లేదు. ఎవరూ అడగని దాన్ని నెత్తికెత్తుకుంటే రేపు ఈ వీధికి ఎవరు పని ఇస్తారు? జమలయ్య కుంచెతో దువ్వుతూనే ఉన్నాడు. చివరికి పున్నయ్య సైకిలెక్కి, ఇహ మీదట తన నూలు ఆ గడప తొక్కదని చెప్పి పోయాడు.

అచ్చమ్మ ఒక పక్క, ఆయన ఒక పక్క దువ్వారు. ఎండ ముదిరి పోగులు అంటుకుపోతుంటే ఎదురింటి రామకోటి వచ్చి అచ్చమ్మ చేతిలో కుంచె తీసుకున్నాడు. పని అయిందాకా దువ్వాడు. వెళ్ళేముందు మాత్రం, "అక్కడ నా సంగతి ఎత్తకు," అన్నాడు.

ఐదు రోజులు నేశాడు. అంగుళానికి నలభై నాలుగు పేకలు. చెయ్యి మొదట్లో మొరాయించింది. పలక ఒక్కసారి కొట్టి ఊరుకోబోయేది, ఆయన రెండోసారి కొట్టించేవాడు. ఈసారి అంచు వేశాడు, రెండు ఎర్ర పోగులు, నడుమ పసుపు. ఇప్పుడెందుకని అచ్చమ్మ అడిగితే, నేసినవాడెవడో తెలియాలిగా అన్నాడు.

నావ బయలుదేరడానికి మూడు రోజులుందనగా గుడ్డ మూట కట్టుకుని తెనాలిలో రైలు మారి, రేపల్లెలో దిగి, నిజాంపట్నం పోయే బస్సు పట్టుకున్నాడు. బస్సు దిగాక కాలవ గట్టు వెంట నడక. పేటలో ఇళ్ళన్నీ కొత్త తాటాకు గుడిసెలు, గోడలు ఇంకా లేవలేదు. నావను ఒడ్డుకు లాగి, పలకల సందుల్లో నార కూరి గుగ్గిలం పూస్తున్నారు. మగవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆడవాళ్ళు అక్కడొకరూ ఇక్కడొకరూ. ఉప్పెన అంతమందిని తీసుకుపోయింది కాబోలనుకున్నాడు.

ఇసక మీద తెరచాప ఆరేసి ఉంది. చెట్టు బెరడు నీళ్ళలో ఉడకబెడితే గుడ్డ నాలుగు కాలాలు ఆగుతుందని వేటవాళ్ళు చేసే పని అది. తెల్లగుడ్డ ఇటుక రంగుకు తిరిగింది. గంజి పోయి మెత్తగా వాలి పడుకుంది.

మోషే గుగ్గిలం చేతులు ఇసకలో రుద్దుకుంటూ వచ్చాడు. జమలయ్య మూట దించకుండానే చెప్పాడు, దించితే మళ్ళీ చెప్పలేనేమోనని.

"ఆ చాపతో పోవద్దయ్యా. అది ఆగదు. నేనే పల్చగా నేశాను."

"తెల్సులే బాబాయ్," అన్నాడు మోషే. "కాగులో వేయగానే గంజంతా తేలింది."

"మాస్టారికి చెప్పలేదా?"

"చెబితే ఆయన ప్రయాణం మానుకుంటాడు. మాకు మిద్దె లేవాలి గందా. గాలి గట్టిగా కొడితే చాప దించేసి ఒడ్డు వెంటే పోదామనుకున్నా." జమలయ్య మొహం చూసి, ఓదార్పుగా అన్నాడు. "ధర్మానికిచ్చేది అట్టాగే ఉంటది బాబాయ్. దానికెవుర్ని అంటాం."

జమలయ్య తిట్లకు సిద్ధపడి వచ్చాడు. కొట్టినా పడదామనుకున్నాడు. ఈ మాటకు మాత్రం సిద్ధపడలేదు. వాళ్ళు మోసపోలేదు. అంతకంటే ఎక్కువ ఎవరూ ఇవ్వరని వాళ్ళకు మొదటి నుంచీ తెలుసు.

మూట విప్పాడు. మోషే గుడ్డను నోటికి ఆనించుకుని ఊదాడు. ఊపిరి అవతలికి పోలేదు. మళ్ళీ ఊది, తల పంకించి, నిడివి చూద్దామని గుడ్డ అంచు పట్టుకుని ఆగిపోయాడు. ఎరుపు, పసుపు, ఎరుపు. తల వంచి తన పంచె అంచు చూసుకున్నాడు. జమలయ్య అడుగు కదపలేదు. మోషే పంచె కొంగు పైకి తీసి, ఆ అంచు బయటికి కనపడకుండా లోపలికి మడిచి నడుం దగ్గర దోపుకున్నాడు. ఆ తరవాత గుడ్డ భుజాన వేసుకుని, కుట్టడానికి మనుషుల్ని కేకేశాడు.

మోషే చెల్లెలు సారా సూదీ దారమూ పట్టుకుని వచ్చింది. పాతికేళ్ళ పిల్ల. కొత్త గుడ్డ కొలతలు తీసుకుంటూ పాత తెరచాప వైపు రెండుసార్లు చూసింది.

"అన్నయ్యా, ఆ పాతది ఏం చేస్తారు?" అంది.

"ఏం కావాలి?"

ఆమె జమలయ్యను చూసి సంకోచించింది. పెద్దవాడు, తండ్రి వయసువాడు అనుకుందేమో, తల దించుకుని చెప్పింది. "మాకు ఇంటికి రెండు చీరలిచ్చారు బాబాయ్. ఒక్కటి కట్టుకుంటే బయటికి రాలేం, ఒళ్ళంతా కనపడతది. రెండూ కలిపి ఒకరే కట్టుకుంటన్నాం. నేనొక రోజు, మా వదినొక రోజు. ఇయ్యాల నా వంతు." గుడిసె వైపు చూపించింది. తడిక వెనక ఎవరో కదిలారు. "నావ బయల్దేరే నాడు వదిన వంతు. నేను తడికలోంచే చూసేదాన్ని. బెరడు రంగెక్కి ఒళ్ళు కనపడదు, ఈ గుడ్డయితే కట్టుకోవచ్చు."

ఒడ్డున ఆడవాళ్ళు ఎందుకు అంత తక్కువగా ఉన్నారో జమలయ్యకు అప్పుడు అర్థమైంది. సముద్రానికి పనికిరాని గుడ్డ అది. తను నేసిన వాటిల్లో తప్పుడు గుడ్డ. అది వాళ్ళకు తను కట్టబెట్టినదానికంటే నయమైన గుడ్డ. ఆయనకు సారా కట్టుకున్న చీర అంచు చూడాలనిపించలేదు. ఎర్ర పోగులున్నా లేకపోయినా ఇప్పుడు తేడా లేదు.

రెండు రోజులు ఆయన అక్కడే ఇసక మీద కూర్చున్నాడు. ఒక పక్క వదిన ఒక రోజు, సారా ఒక రోజు కొత్త తెరచాప కుడుతుంటే ఇంకో పక్క ఆయన పాతదాని కుట్లు ఒక్కొక్కటే విప్పాడు. చాపకు వాలుగా కోసిన ముక్కలు కాబట్టి చీర నిడివికి అతుకులు వెయ్యవలసి వచ్చింది. అతికితే నాలుగు చీరలయ్యాయి. రెండు వీళ్ళింటికి, రెండు పక్కింటికి.

మూడోనాడు పొద్దెక్కేసరికి తెనాలి నుంచి రెండు కార్లు, ఒక లారీ, మైకు, ఆవకాయ జాడీలు దిగాయి. బ్రహ్మానందం మాస్టారు తెరచాపను చూసి, బెరడు రంగు పెట్టలేదేమని మాత్రం అడిగాడు. మోషే గుడ్డను ఆయన చేతికిచ్చాడు. ఆయన అంచు చూసి, బట్ట నొక్కి చూసి, దూరంగా నిలబడ్డ జమలయ్య వైపు తిరిగాడు. నవ్వు తగ్గింది. గుడ్డ మారిందని ఆయనకు తెలిసిపోయింది. దశరథరామయ్య గారు కొబ్బరికాయ కొట్టి, మేనల్లుడి వీపు నిమిరి, జమలయ్య దగ్గరికి వచ్చారు.

"ఆగుద్దా?" అన్నారు మళ్ళీ.

"ఇప్పుడు ఆగుద్దండి. ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను," అన్నాడు జమలయ్య. ముసలాయన మొహం నల్లబడింది. కానీ అప్పటికే నావ నీళ్ళలోకి దిగింది, ఆయన అటు పరిగెత్తారు.

తెరచాప గాలి పుంజుకుని నిండింది. ఒడ్డు ఒడ్డంతా చప్పట్లు కొట్టింది. జమలయ్య దాన్ని చూడలేదు. ఆయన పక్కన ఇటుక రంగు చీరల్లో సారా, ఆమె వదిన, ఇద్దరూ నిలబడి ఉన్నారు. వదిన నావలో మొగుడికి కనపడేటట్టు చెయ్యి పైకెత్తింది, రెండో చేత్తో పైట పట్టుకోవలసిన అవసరం లేకుండా.

"మీ ధర్మమా అని ఇద్దరం ఒక్కసారే వచ్చాం బాబాయ్," అంది సారా.

ఆ మాట అందరూ అనేదే. ఆమె మామూలుగానే అంది. జమలయ్య మాత్రం గుడిసెల వైపు తిరిగాడు. "మీ పేటలో ఎన్నిళ్ళమ్మా?" అని అడిగాడు.

"ముప్ఫయ్యారు," అంది ఆమె, పెద్దాయన ఏదో మాట కలపడానికి అడిగాడనుకుని.

అటక మీద రెండో బుట్ట ఉంది. అందులో నూలుకు గట్టిగా నేస్తే నాలుగు చీరలు వస్తాయేమో. పున్నయ్య నూలు ఇయ్యడు. ముప్ఫయ్యారు ఇళ్ళల్లో రెండు పోతే ముప్ఫై నాలుగు, ఇంటికి ఒక ఆడమనిషి ఇవాళ కూడా తడిక వెనకే ఉంది. జమలయ్య ఖాళీ మూటగుడ్డను భుజాన వేసుకుని, ఆ లెక్క మరిచిపోకుండా నోట్లోనే అనుకుంటూ, కాలవ గట్టు మీద బస్సు దారి పట్టాడు.